కోనకు వాటాలు లేవు

చిరంజీవి తమ్ముడు సోమన్నకు,

నీ అప్ప చిలకమ్మ నిండా నూరేళ్లు బతకమని దీవించి, విశాఖపట్నం నుంచి చెప్పి రాయిస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ, నీ మేనకోడలు పార్వతీ, అల్లుడు జోగారావూ వేళకు తింటున్నాం, బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మరదలూ, పిల్లలూ, గొడ్లూ అంతా బాగున్నారా? మరదలి మోకాలు ఎలా ఉంది? నేను చెప్పిన ఆకు దంచి కడుతోందా, లేక చెప్పింది ఆడపడుచు కదా అని మానేసిందా? సిన్నమ్మ గంజి తాగుతోందా? ఎర్రావు ఈనిందా? పెయ్యదూడా, కోడెదూడా? నీ ఉత్తరంలో ఇవేవీ లేవు. ఉన్నదంతా కాగితం సంగతే. అందుకే ముందు ఇవన్నీ అడుగుతున్నాను. జవాబులో ముందు ఇవన్నీ రాయించు.

ఇది రాస్తున్నది కింద ఇంట్లో ఉండే తెలుగు మేష్టారు. బడిలో ఏళ్ల తరబడి చదువు చెప్పి, పింఛను పుచ్చుకుని ఇప్పుడు ఇంట్లో ఉన్నారు. మంచివారు. కాకపోతే నేను ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని రాస్తున్నారు. మాటలు మెత్తగా వినిపిస్తే అది ఆయన చేతి మెత్తదనం. నేను మెత్తబడలేదు.

ఇంకొక మాట. దీన్ని ఇంట్లో మూలన కూర్చుని చదివించుకోకు. పోస్టుమేను వచ్చిన రోజున ఐదు ఇళ్ల వాళ్లనీ పిలిచి, ఊరు కూర్చునే రాళ్ల దగ్గర గట్టిగా చదివించు. నేను చెప్పేది వాళ్లకు కూడా.

ముందు నా సంగతి. వలిసె పూలు పసుపుపచ్చగా పూసినప్పుడు వచ్చాను, ఇప్పుడు మామిళ్లు దిగుతున్నాయి. కళ్లు రెండూ బాగు చేశారు. ఇప్పుడు ఎదురింటి మేడ మీద ఆరేసిన చీరకు చిరుగు ఎక్కడుందో చెప్పగలను. చెప్పాను కూడా. ఆ ఇంటావిడ మాట్లాడడం మానేసింది. ఇక్కడ అంతా అంతే, తలుపులు వేసుకుని ఉంటారు. పొద్దున్న పార్వతి సూదిమందుల డ్యూటీకి పోతుంది, అల్లుడు ఓడరేవులో పనికి పోతాడు. నేనూ, గోడ మీద బల్లీ మిగులుతాం. మొదట్లో ఏడుపు వచ్చేది. ఇప్పుడు బల్లితో మాట్లాడుతున్నాను, అది మన ఊరి పెద్ద లాగే అన్నిటికీ తల ఊపుతుంది.

ఉక్క చెప్పలేను. మన దగ్గర వైశాఖంలో కూడా తెల్లవారుజామున దుప్పటి కావాలి. ఇక్కడ మనిషి కూర్చున్న చోట తడి మరక పడుతుంది. సముద్రం చూపించారు. అన్ని నీళ్లున్నాయి గాని ఒక్క గుక్క తాగడానికి లేదు. నేను దోసిలితో తీసుకుని నోట్లో పోసుకుంటే అల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. అన్నం మూడు పూటలా తెల్లన్నమే. కడుపు నిండుతుంది గాని బలం రాదు. చోడి అంబలి కోసం నాలుక పీకుతోంది. ఇక్కడి కొట్లో చోడిపిండి అడిగితే, రాగిపిండా అని ఒక చిన్న పొట్లం ఇచ్చాడు, షుగరు ఉందా మామ్మగారూ అని అడిగాడు. నాకు షుగరు ఎందుకుంటుంది? ఎవరైనా ఇటు వస్తుంటే ఒక కుంచెడు పిండీ, రెండు కొండచీపుర్లూ, ఇంటి పసుపూ పంపు. ఇక్కడి చీపురు తుడిచినంతసేపూ అదే రాలుతుంది.

ఇక నీ ఉత్తరం సంగతి. అందింది. కాగితమూ అందింది. మన ఊరి కోనను ఐదు ముక్కలు చేసి ఐదు ఇళ్లకూ పంచుకుంటే ఎవరి ముక్కలో వాళ్లు చెట్లు తీసి కాఫీ వేసుకోవచ్చని రాయించావు. ఐదు ఇళ్లూ ఒప్పుకుంటేనే కొలత మనిషి వస్తాడన్నావు. నాలుగు ఇళ్లూ వేలిముద్ర వేశాయి. మన ఇంటికి అయ్య పిల్లలం ఇద్దరం వేయాలి. నువ్వు వేశావు. నా వేలు ఒక్కటి పడితే వానలకు ముందే పని అయిపోతుందన్నావు. మొక్కలు సంచుల్లో ఎదురుచూస్తున్నాయన్నావు.

నీకు అబద్ధం చెప్పను తమ్ముడూ, వేయడానికి సిద్ధపడ్డాను. నువ్వు నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. మీ బావ పోయిన ఏడు నా గరువు చేను దున్ని విత్తనం వేసి, నేను అడగకుండానే పంట ఇంటికి చేర్చావు. అలాంటి తమ్ముడు ఒక్క వేలు అడిగితే లేదంటానా? పార్వతి కూడా అదే అంది.

“పెట్టీమ్మా. మావయ్య ఇన్నేళ్లకి ఒకటి అడిగినాడు. నువ్వు మళ్లీ ఆ కోన దిగుతావేటి?”

“దిగను కాబట్టి నాది కాదంటావా?”

“అలాగనలేదు. నీకు వేలు పెడితే ఏటి పోతాది?”

ఏం పోతుందో నాకూ తెలియలేదు. కింద మేష్టారి దగ్గర సిరా గుడ్డ ఉంటే తెప్పించాను. వేలికి సిరా కూడా రాసుకున్నాను. ఇంతలో పొయ్యి మీద కుక్కరు కూత పెట్టింది. నాకు ఆ కూతంటే ఇంకా భయమే. పరుగెత్తి కట్టేసేసరికి సిరా అంతా కుక్కరు పిడికీ, నా చీర చెంగుకీ పోయింది. రేపు వేద్దాంలే అనుకున్నాను. ఆ రేపటి రోజునే పార్కు గొడవ జరిగింది. అది వినండి అందరూ.

మా వీధి చివర రెండు చిన్న కొండల నడుమ ఒక పల్లం ఉంది. నేను మేడ మీద నుంచి రోజూ చూసేదాన్ని. లోపల ముసలి మామిళ్లూ, చింతలూ గుబురుగా ఉన్నాయి. ఎండలో కూడా అడుగున నీడే. పక్కనే సన్నగా గెడ్డ పారుతోంది. లోపలికి పోవడానికి ఒకటే దారి, ఇరుకుగా, రెండు రాళ్ల స్తంభాల మధ్య నుంచి. తమ్ముడూ, అది చూస్తే నువ్వేమనుకుంటావు? నేనూ అదే అనుకున్నాను. ఊరు పెద్దది, జనం ఎక్కువ, అయినా వీళ్లు కూడా తమ కోనను ఉంచుకున్నారు, బుద్ధిమంతులే అని సంతోషపడ్డాను.

ఆ రోజు చింతచిగురు కోసుకువద్దామని బయలుదేరాను. కోనకు ఎలా పోవాలో అలాగే పోయాను. కత్తి నడుములో పెట్టుకుని, కొంగున గుప్పెడు బియ్యం కట్టుకున్నాను. దారి మొదట్లో స్తంభం కింద కత్తి దింపి పెట్టాను. ఇనుము కోనలోకి రాకూడదు కదా. పక్కనే బియ్యం పోశాను. తీసుకోబోయే దానికి ముందే ఇచ్చుకోవాలి కదా. తర్వాత లోపల ఉన్నవాళ్లకు, ఉన్న జంతువులకు తెలియాలని నోటికి చేతులు అడ్డం పెట్టి మూడుసార్లు కూత వేశాను. అమ్మ నేర్పిన కూతే. ఇన్నాళ్లుగా గొంతులో ఉండిపోయిందేమో, గట్టిగానే వచ్చింది.

లోపల సిమెంటు బల్లల మీద ఉన్న జనం లేచి నిలబడిపోయారు. ఒకావిడ పిల్లను చంకనేసుకుని అటు పరుగెత్తింది. నడకకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన చెప్పు జారి గడ్డిలో పడ్డాడు. నేను ఎవరినీ పట్టించుకోకుండా చింత దగ్గరికి పోయి, కొమ్మ వంచి, చిగురు కోయడం మొదలుపెట్టాను. ఒడి సగం నిండేసరికి ఎవడో విజిల్ వేసుకుంటూ వచ్చాడు. ఖాకీ చొక్కా, యాభై ఏళ్లు ఉంటాయి. కాపలావాడు.

“ఏటి ముసిలమ్మా, ఏటి సేత్తన్నావు?”

“కనబడ్డం నేదా? సిగురు కోత్తన్నాను.”

“బోర్డు సూణ్ణేదా? ఆకు ముట్టుకోకూడదని రాసినారు.”

“నాకు సదువు రాదు. రాసినోడికి ఆకలి నేదేమో.”

“గేటుకాడ కత్తి ఎవులిది?”

“నాదే. బైటే ఒగ్గీసి వొచ్చినాను కదా. లోనికి తెత్తే తప్పు గాని.”

“మరా బియ్యం?”

“కోనకి ఎట్టినాను.”

వాడు విజిల్ జేబులో వేసుకున్నాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు. “ఏ కొండ నుంచి దిగినావే అమ్మా?” అన్నాడు. గొంతు మారింది. హుకుంపేట అవతల అని చెప్పాను. తనది పాలకొండ వైపు ఊరట, కొండ కిందే. కూర్చోమన్నాడు. సిమెంటు బల్ల మీద నేనూ, కింద గట్టు మీద వాడూ కూర్చున్నాం. నేను ఒడిలో చిగురు సగం తీసి వాడి రుమాల్లో పోశాను. వద్దనలేదు.

“కోనన్నావు కదా. ఇది పార్కు, ఆరింటికి గేటేసేత్తాం. కోనంటే ఏటో నీకు తెలుసా?” అన్నాడు.

నాకా, తెలుసా! వాడికి చెప్పిందంతా ఇప్పుడు మీకూ చెబుతాను. మీకు తెలిసిందే. తెలిసి మరచిపోయారు కాబట్టి చెబుతున్నాను.

రెండు కొండల మధ్య పల్లమంతా కోన కాదు. మన ఊరికీ సంతకూ నడుమ ఎన్ని పల్లాలు లేవు? వాటిని ఎవరైనా కోన అంటారా? పల్లం అంటాం, లోయ అంటాం, గెడ్డ పారితే గెడ్డ అంటాం. కోన అనాలంటే లోపల ఊట ఉండాలి, అది జ్యేష్ఠంలో కూడా ఎండకూడదు. చెట్లు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు ఉండాలి, మిట్టమధ్యాహ్నం కూడా అడుగున నేల చల్లగా ఉండాలి. ఇవన్నీ ఉన్నా మనుషులు లేకపోతే అది అడవి. కోనకు మనుషులు ఉండాలి, కాని ఒక మనిషి ఉండకూడదు. ‘నా పొలం’ అంటాం, ‘నా గరువు’ అంటాం. ‘నా కోన’ అన్న మాట మీలో ఎవరైనా ఎప్పుడైనా విన్నారా? మన కోన అంటాం. ఒంటరిగా ఉన్న ముండమోపి కూడా ‘మన కోన’ అనే అంటుంది. నేను అంటున్నాను.

అయ్య ఎలా మాట్లాడేవాడు? కొండ ఎక్కాను అనేవాడు, అడవికి పోయాను అనేవాడు, కోనకు మాత్రం ‘దిగి వచ్చాను’ అనేవాడు, అత్తవారింటికి పోయి వచ్చినంత మర్యాదగా. పైకి చెప్పకుండా లోపల రగులుతున్న మనిషిని చూసి ‘కోనలో పొగలా ఉన్నాడు’ అనేవాడు. నీ పెళ్లినాడు మామ మాటకు నువ్వు అలిగితే నిన్నే అన్నాడు, గుర్తుందా? మాట బయటపెట్టని మనిషిని ‘కోన లాంటి మనిషి’ అనేవాళ్లం. ఆ లెక్కన మరదలు కోన కాదు. నవ్వుకోండి, ఆమె కూడా నవ్వుతుంది.

కరువు వచ్చిన ఏడు మనల్ని బతికించింది ఏది? నువ్వు అప్పటికి పాలు మానలేదు. అమ్మ నన్ను వెంటపెట్టుకుని రోజూ దిగేది. ఒకరోజు దుంప, ఒకరోజు పనస, ఒకరోజు అడ్డాకులు, సంతలో ఇచ్చి ఉప్పు తెచ్చుకోవడానికి. ఐదు ఇళ్ల ఆడవాళ్లూ దిగేవాళ్లు. ఎవరింట్లో పిల్లలు ఎక్కువో వాళ్లు ముందు తవ్వుకునేవాళ్లు. ఎవరూ గీత గీసి ఇది నీది, ఇది నాది అనలేదు. గీత ఉంటే మన ముక్కలో ఆ ఏడు దుంప ఉండేదో, ఉండేది కాదో. నువ్వు ఉండేవాడివో, ఉండేవాడివి కాదో.

ఇదంతా విని ఆ కాపలావాడు రుమాల్లో చిగురు మూట కట్టుకున్నాడు. తర్వాత తన సంగతి చెప్పాడు. నేను దాన్ని ఉన్నదున్నట్టు రాయమంటున్నాను మేష్టారిని.

“మా ఊరికీ ఉండేదప్పా. ఆరు వాటాలు ఏసినాం. వాటా వొచ్చిన్నాడు ఊళ్లో బెల్లం పంచినాం కూడాను. నానిల్లు కడతన్నాను, దూలానికి కర్ర గావాల. నా వాటాలోదే కదా అని మద్ది ఒకటి కొట్టినాను. ఒక్కటే.”

“ఒక్కటే కొట్టినావా?”

“నానొక్కటే. నా పక్కోడు రెండు. ఆడి పక్కోడు, ఎలాగూ నీడ పోనాది కదా అని మొత్తం సదును సేసీనాడు. ఎవులేటనగలరు? ఎవుడి వాటా ఆడిది. నాలుగేళ్లకి ఊట ఎండిపోనాది.”

“అప్పుడేటి సేసినారు?”

“ఏటి సేత్తాం. ఆడోళ్లు బోరింగుకాడికి మైలు నడుత్తన్నారు. నాను ఇక్కడికొచ్చి ఊరోళ్ల సెట్లకి విజిలూదుతన్నాను.”

అని నవ్వాడు. నేను నవ్వలేదు. వాడు చెడ్డవాడు కాదు తమ్ముడూ. నీలాంటివాడే. ఇల్లు కట్టుకుందామనుకున్నాడు, అంతే. ఆ ఊళ్లో ఆరుగురూ చెడ్డవాళ్లు కారు. ఒక్కొక్కడు తన వాటాలో తనకు హక్కున్న పనే చేశాడు. అదే నాకు భయం వేసింది. దొంగ వచ్చి కొడితే తరమవచ్చు. వాటాదారు కొడితే ఎవరు తరుముతారు? మన ఐదు ఇళ్లలో ఒకింట్లో పెళ్లి వస్తుంది, ఒకింట్లో జబ్బు వస్తుంది, ఒక్క చెట్టే కదా అంటారు. ఊట ఎవరి ముక్కలో పడుతుంది? అది ఎవరి ముక్కలో పడినా, దాన్ని బతికించే నీడ మిగతా నలుగురి ముక్కల్లో ఉంటుంది. కోనను ఐదుగా పంచితే ఐదు కోనలు రావు. ఉన్న ఒక్కటీ పోతుంది.

ఇంటికి వచ్చి మేష్టారిని అడిగాను, మీ చదువుకున్నవాళ్లు కోన అంటే ఏమని రాసుకున్నారని. ఆయన అటక మీద నుంచి లావుపాటి నిఘంటువు దింపి, దుమ్ము దులిపి, కళ్లజోడు సవరించుకుని చదివారు.

“అడవి గల లోయ, అమ్మా.”

“ఇంకా?”

“అంతే.”

“అంత లావు పుస్తకంలో అంతేనా?”

“ఇందులో ఇంకా చాలా మాటలు ఉండాలి కదమ్మా, ఒక్కోదానికి ఇంతే చోటు.”

“అందులో ఊట ఏదీ? కత్తి బయట పెట్టడం ఏదీ? ‘మన’ అన్న మాట ఏదీ?”

ఆయన పుస్తకం మూసి, పెన్సిలు తీసుకుని, మళ్లీ తెరిచి, ఆ మాట పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో ఏదో రాసుకున్నారు. ఏం రాశారో నాకు చదివి చెప్పమంటే సిగ్గుపడ్డారు. పోనీలే, ఒక పుస్తకంలోనైనా పడింది.

ఇప్పుడు వినండి, ఐదు ఇళ్ల వాళ్లూ. కాఫీ వద్దని నేను అనడం లేదు. నేను ఇక్కడ రోజుకు రెండుసార్లు తాగుతున్నాను, మూడోసారి పార్వతి ఇవ్వదు. పిల్లలకు నాలుగు రాళ్లు రావాలి, ఆ సంగతి నాకు తెలుసు. కోన పైన, మనం ఒకప్పుడు పోడు కొట్టి వదిలేసిన వాలు బోడిగా పడి ఉంది. అక్కడ వేసుకోండి. నీడ లేదంటారు. ముందు నీడ చెట్లు పెట్టండి, రెండేళ్లు ఆగి కాఫీ పెట్టండి. రెండేళ్లు ఆగలేమంటారు. మీ తాతలు ఆగబట్టే ఇవాళ మీరు కొట్టడానికి చెట్లున్నాయి.

సోమన్నా, నీ సంగతి వేరు. నీ మొక్కలు సంచుల్లో ఉన్నాయి, వానలకు భూమి ఎక్కకపోతే ఎండిపోతాయి. నలుగురూ నిన్ను అంటారు, మీ అప్ప వల్లే ఆగిపోయిందని. నా వల్ల నువ్వు మాట పడి, పైగా మొక్కలు కూడా పోగొట్టుకోవడం న్యాయం కాదు. అందుకని గరువు మీద ఉన్న నా పసుపు చెక్క, ఆ నేల ముక్క, నీకు ఇచ్చేస్తున్నాను. మీ బావ నాటిన పనసలు నాలుగూ, సిల్వరోకులూ ఇప్పటికే నీడ పట్టాయి, నీ మొక్కలకు సరిగ్గా సరిపోతుంది. మేష్టారు వేరే కాగితం రాసి పెట్టారు. దాని మీద నా వేలు వేశాను. ఈసారి పొయ్యి ముందే కట్టేశాను.

నీకు తెలుసు, ఆ చెక్క మూలన గుడిసె వేసుకుని చివరి రోజులు గడుపుదామనుకున్నాను. ఆ మాట చెప్పి పార్వతితో ఎన్నిసార్లు దెబ్బలాడానో. కాగితం మీద వేలు పడుతుంటే అది పక్కన నిలబడి చూసింది. “అయితే ఇక్కడే ఉంటావన్నమాట” అంది. దానికి సంతోషమే, కాని పైకి చూపించలేదు, కోన లాంటి పిల్ల కదా. నేను ఇక్కడే ఉంటాను. పార్కు ఉంది, కాపలావాడు ఉన్నాడు. వారానికి ఒకసారి వాడు అటు తిరిగి నిలబడతాడు, నేను చిగురు కోసుకుంటాను. ఇద్దరం చెరి సగం. బోర్డు రాసినవాళ్లకు చెప్పకండి.

పండగలకూ పబ్బాలకూ వస్తాను. చైత్రంలో మగవాళ్లు వేటకు పోయే ఇటుకల పండగకు ఈ ఏడు కళ్ల కట్లతో రాలేకపోయాను, వచ్చే ఏడు వస్తాను. నీ వసారాలో ఒక చాప చాలు. మరదలికి ఇప్పుడే చెప్పు, అలవాటు పడడానికి ఏడాది కావాలి కదా.

ఇక నువ్వు పంపిన కాగితం. అది కూడా ఇందులోనే వెనక్కి పంపుతున్నాను. నలుగురి వేళ్లూ, నీ వేలూ అలాగే ఉన్నాయి. నా వేలు పడవలసిన చోట తెల్లగా ఉంది. ముసలిది మరచిపోయిందని ఎవరూ అనుకోవద్దు, అక్కడ ఎవరూ నా బదులు వేయవద్దు. అది ఖాళీ కాదు, అదే నా మాట. నచ్చనివాళ్లు నా మీద ఎంతైనా కోపగించుకోండి. కోపం వస్తే కోన దిగండి, ఊట దగ్గర కాసేపు కూర్చోండి, నీళ్లు తాగండి, అప్పుడు కూడా పంచుకోవాలనే అనిపిస్తే పాసింజరు బండి ఎక్కి వచ్చి నా ఎదురుగా అడగండి. అన్నం పెట్టి మరీ లేదంటాను.

మరదలికి నా దీవెనలు, మోకాలికి ఆకు మరవద్దని చెప్పు. పిల్లలకు ముద్దులు. నాలుగు ఇళ్ల పెద్దలకూ నమస్కారాలు, వాళ్ల మీద నాకు కోపం లేదు, ఉన్నా ఈ ఉత్తరంతో సరి. సిన్నమ్మ కాళ్లకు నా బదులు నువ్వు దండం పెట్టి, అక్క కొడుకు తలమీద కాదు, చిలకమ్మ తలమీద చెయ్యి పెట్టానని అనుకోమని చెప్పు. ఆమె దీవెన ఉంటే ఈ ఉక్కలో కూడా బతికేస్తాను. కొండదేవత మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి.

ఇట్లు,
నీ మేలు కోరే అప్ప
చిలకమ్మ
(పసుపు చెక్క కాగితం మీద వేసిన వేలే ఈ కిందా వేశాను. రెండూ పక్కపక్కన పెట్టి అందరికీ చూపించు.)